అర్థమా, అర్ధమా? తెర మింగిన చుక్క



మొదట నా తప్పు చెప్పుకొని, ఆ తరువాతనే ఇతరుల తప్పులు ఎంచుతాను.

గత విద్యాసంవత్సరంలో ఆరవ తరగతి పిల్లలను కంప్యూటర్ గదికి తీసుకొని వెళ్లి, తెరమీద ఒక పాఠం చదివించాను. మాది హోసూరు ప్రాంతపు బడి. తెలుగు మాధ్యమంలో మిగిలిన పిల్లలు వేళ్లమీద లెక్కకు వస్తారు. అందులో ఒక అమ్మాయి "పద్యానికి అర్థము" అన్న చోట "అర్ధము" అని చదివింది. సరిదిద్దాను. మరల అట్లాగే చదివింది. "మేడ"ను "మెడ" అన్నది, "రాష్ట్రము"ను "రాషము" అన్నది. చుట్టూ పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "ఆరవ తరగతికి వచ్చి ఒత్తులు చదవడం రాదా?" అని అందరి ముందు గద్దించాను. అంతటితో ఆగక ప్రగతి పత్రంలో "తెలుగు పఠనంలో వెనుకబడి ఉన్నది" అని ఎర్ర సిరాతో వ్రాశాను.

వారం తరువాత అదే పాఠాన్ని పుస్తకంలో ఇచ్చి చదివిస్తే తడబాటు లేకుండా చదివింది. నేను తెల్లబోయాను. మరల కంప్యూటర్ గదికి తీసుకొని వెళ్లి, ఆ పదం మీద వేలు పెట్టి, "ఇక్కడ థకారం ఒత్తులో చుక్క ఉన్నది కదమ్మా, చూడు" అన్నాను. ఆమె తెరకు దగ్గరగా వంగి చూసి, "యాడుంది సార్ చుక్క?" అని అడిగింది.

నేను కళ్లద్దాలు తుడుచుకొని చూశాను. చుక్క లేదు. నిజంగానే లేదు.

నాకు కనపడినట్లు తోచినది కేవలం ముప్పది ఏళ్ల అలవాటు వలన. పెద్దలమైన మనం అక్షరాలను చూడము, పదాన్ని ఊహిస్తాము. "పద్యానికి" అన్న తరువాత "అర్థము" వస్తుందని మన బుద్ధికి తెలుసు కనుక లేని చుక్కను కన్ను కల్పించుకొంటుంది. పసివాళ్లు అట్లా కాదు. ఉన్నదానినే చదువుతారు. ఆ అమ్మాయి చదివినదే సరి, తెర చూపినదే తప్పు.

ఆ తెర మీద అమరిక 800 × 600. యంత్రమేమో పదిహేడు అంగుళాల పలుచని మానిటర్. దానికి సహజమైన కొలత 1280 × 1024. ఎవరు మార్చారని విచారిస్తే, "అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని పెద్దవి చేశాము సార్" అని కంప్యూటర్ చూసుకొనే ఆయన చెప్పారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. ఈ దేశంలో తెలుగు అక్షరానికి జరిగిన అపకారాలలో సగం మంచి ఉద్దేశంతో జరిగినవే. ఆయన పెద్దవి చేసినది అక్షరాలను కాదు, అక్షరాల లోపాలను.

ఇది ఎట్లాగో కొంచెం లెక్క వేసి చూపుతాను. గణితం ఉపాధ్యాయులు నవ్వకుందురు గాక.

తెర అంటే చిన్న చిన్న గళ్ల వల. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. 800 × 600 అంటే అడ్డంగా 800 గళ్లు, నిలువుగా 600 వరుసలు. సాధారణ విండోస్ అమరికలో 12 పాయింట్ల అక్షరానికి 16 వరుసలు లెక్క. ఇంగ్లీషు అక్షరానికి ఈ పదహారు ధారాళం. ఆ లిపి ఒకే అంతస్తు ఇల్లు. మన లిపి మూడంతస్తుల మేడ. పైన తలకట్టో, గుడియో, ఏత్వమో, నడుమ అక్షరపు ఒడలు, క్రింద ఒత్తు. "రాష్ట్రము"లో ఒత్తు మీద క్రావడి కూడా చేరుతుంది. "స్త్రీ" సంగతి చెప్పనక్కరలేదు, పైన గుడిదీర్ఘం కూడా మోయాలి.

నేను భూతద్దం పెట్టి ఆ తెర మీద "ర్థ"ను లెక్కించాను. క్రిందనున్న థకారపు ఒత్తుకు దక్కినవి ఐదు వరుసలు. ఆ ఐదింటిలోనే ఒత్తు గుండ్రదనం, దాని అడుగున నిలువు గీత, కడుపులో చుక్క ఇమడాలి. ఇమడవు. గీత మిగిలింది, చుక్క గోడకు అంటుకొని మాయమయినది. థకారం ధకారమయినది. అర్థము అర్ధమయినది. పిల్ల చదువుకు అర్థం పోయి అర్ధమే మిగిలినదని తరువాత నాలో నేనే అనుకొన్నాను. ఛలోక్తి కోసం కాదు, సిగ్గుతో.

ఇట్లా మాయమయ్యేవి ఆ చుక్క ఒక్కటే కాదు. గుడికి, గుడిదీర్ఘానికి భేదం ఒక చిన్న మెలిక. ఎత్వానికి, ఏత్వానికి కూడా అంతే. "నెల"కు "నేల"కు, "మెడ"కు "మేడ"కు నడుమ ఉన్నది ఒకటి రెండు పిక్సెళ్ల వ్యవహారం. ప ఫ, చ ఛ, డ ఢ, ద ధ జంటలలో భేదమంతా అడుగున ఉండే పొట్టి గీతలోనే ఉన్నది. ఇంగ్లీషులో ఒక పిక్సెల్ పోతే అక్షరం వికారంగా కనపడుతుంది, అంతే. మన లిపిలో ఒక పిక్సెల్ పోతే మాట మారిపోతుంది. కంప్యూటర్ గదులలో అమరికలు చేసేవారు ఈ ఒక్క సంగతి గ్రహించరు. మనమూ చెప్పము. నా ఫిర్యాదు అందరికంటె ముందు మన మీదనే.

ఇక ఇది మన పిల్లలకే ఎందుకు ఎక్కువ నష్టమో చెప్పాలి.

రాజమహేంద్రవరంలోనో వరంగల్లులోనో ఉన్న పిల్లవాడికి తెరమీద చుక్క పోయినా పెద్ద ప్రమాదం లేదు. వీధిలో అంగడి బోర్డు ఉన్నది, బస్సు మీద ఊరి పేరున్నది, ఇంటిలో వార్తాపత్రిక ఉన్నది. పదిచోట్ల చూసిన పదాన్ని పదకొండవ చోట ఊహిస్తాడు. మన పిల్లలు తెలుగు అక్షరాన్ని చూసేది పాఠ్యపుస్తకంలో, నల్లబల్ల మీద, ఇప్పుడు ఈ తెరమీద. యానాం వారిని మినహాయిస్తే మనలో చాలమందికి ఇదే స్థితి. మూడు కిటికీలు ఉన్న ఇంటిలో ఒక కిటికీకి మసి పూస్తే వెలుతురు మూడవ వంతు పోతుంది.

పైగా తమిళనాడులోని మన పిల్లలకు మరొక చిక్కు కలదు. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం. ఒత్తక్షరాలు లేవు, అక్షరం క్రింద అక్షరం పెట్టే పద్ధతి లేదు, పైన పొల్లు చుక్క పెట్టి సరిపెట్టుకొంటారు. అది ఆ లిపి స్వభావం, తప్పు పట్టవలసినది ఏమీ లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలందరూ తమిళం చదువుతున్నారు, చక్కగా వ్రాస్తున్నారు. అయితే థకార ధకార భేదాన్ని కంటితో పట్టుకొనే అభ్యాసం వారికి తెలుగు తరగతిలో తప్ప మరెక్కడా దొరకదు. ఆ ఒక్క చోట కూడా తెర ఆ భేదాన్ని మింగివేస్తే పిల్లలు ఏమి చేస్తారు? పరీక్షలో తప్పు వ్రాస్తారు. మనము ఎర్ర సిరా తీస్తాము.

బళ్లారి, కోలారు ప్రాంతాల మిత్రులకు ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు. కన్నడానికీ క్రింద ఒత్తులున్నవి, అక్కడి కన్నడ ఉపాధ్యాయులను అడిగితే వారూ ఇదే కథ చెప్పగలరు. ఒడియాలో కూడా సంయుక్తాక్షరాలు చాలవరకు క్రిందికే దిగుతవి కనుక రాయగడ, బరంపురం వారికి తోడు దొరుకుతుంది. షోలాపూరు వారికి మాత్రం చిక్కే. దేవనాగరిలో సంయుక్తాక్షరాలు ఎక్కువగా పక్కపక్కన సగం అక్షరాలుగా కూడుకొంటవి. మరాఠీకి బాగా కనపడే అమరికను చూపి "అందరికీ కనపడుతున్నది, మీ తెలుగుకే ఏమి?" అని ఎవరైనా అడిగితే, ఈ భేదం విడమరచి చెప్పండి.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. "అక్షరం పెద్దది కావాలంటే రిజల్యూషన్ తగ్గించాలి" అనే మాట మన బడులన్నింటిలో పాతుకొని పోయినది. దీనిని పెరికివేయాలి.

రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరం గాజు మీద పెద్దదిగా కనపడే మాట నిజమే. కాని దానికి దక్కే వరుసలు పెరగవు. అవే పదహారు. ఒక్కొక్క పిక్సెల్ లావెక్కుతుంది, అంతే. ఐదు గింజలను పెద్ద పళ్లెంలో పరచినా అవి ఐదే కదా. దీనికి బదులు మా పదిహేడు అంగుళాల మానిటర్‌ను దాని సహజమైన 1280 × 1024లో ఉంచి, అక్షరాన్ని 20 పాయింట్లకు పెంచి చూడండి. 800 × 600లో 12 పాయింట్ల అక్షరం ఆ తెరమీద ఎంత ఎత్తున ఉన్నదో ఇదీ ఇంచుమించు అంతే ఎత్తున ఉంటుంది, ఒక సెంటీమీటరులో ముప్పావు వంతుకు కొంచెం తక్కువ. కాని వరుసలు పదహారు కాదు, ఇరువది ఏడు. అదే ఎత్తు, అదే గాజు, అదే పాత యంత్రం. ఒక్క పైసా ఖర్చు లేదు. థకారం కడుపులో చుక్క ప్రత్యక్షమవుతుంది.

పలుచని మానిటర్లకు మరొక దోషం కూడా పడుతుంది. వాటి గళ్లు తయారీలోనే స్థిరపడినవి. 1280 గళ్లమీద 800 చూపమంటే ఒక్కొక్క పిక్సెల్‌కు ఒకటిన్నరకు కొంచెం ఎక్కువ గళ్ల చొప్పున పంచాలి. గడిని కోయడం కుదరదు కనుక అంచులను కలిపి పులిమివేస్తుంది. పైగా అడ్డంగా 1.6 రెట్లు, నిలువుగా 1.7 రెట్లు సాగదీస్తుంది. వెడల్పు మానిటర్లు, అంటే 1366 × 768 వాటిని 1024 × 768లో పెడితే మరీ అన్యాయం, అక్షరాలు అడ్డంగా మూడవ వంతు లావెక్కుతవి. గుండ్రదనమే ప్రాణమైన లిపి మనది. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్లు "అ" కనపడుతుంటే పిల్ల దస్తూరీ ఎట్లా కుదురుతుంది?

గాజు గొట్టపు పాత డబ్బా మానిటర్ల సంగతి వేరు. వాటికి ఇటువంటి స్థిరమైన గళ్లు లేవు, ఏ కొలతనైనా అంతగా పులమకుండా చూపగలవు. అక్కడ చూడవలసినది రిఫ్రెష్ రేటు, అనగా తెర సెకనుకు ఎన్ని సార్లు తిరిగి గీయబడుతున్నదో ఆ లెక్క. 60 ఉంటే తెర వణుకుతుంది, అరగంట చదివిన పిల్లలు తలనొప్పి అంటారు. 75 గాని 85 గాని ఉండాలి. రిజల్యూషన్ పెంచిన కొద్దీ ఈ రేటు తగ్గుతుంది. కనుక పదిహేను అంగుళాల డబ్బా మానిటర్‌కు 85 రేటుతో 800 × 600 పెట్టి, అక్షరాన్ని 18, 20 పాయింట్లకు పెంచడమే ఉత్తమమని నా అభిప్రాయం. పదిహేడు అంగుళాలదైతే 1024 × 768 ధైర్యంగా పెట్టవచ్చు.

చూశారా, 800 × 600 అన్న అంకె ఒక యంత్రానికి ఔషధం, పక్క యంత్రానికి విషం. అందుకే "గదిలోని యంత్రాలన్నీ ఒకే అమరికలో ఉండాలి" అనే నియమం నాకు ఒంటికి పడదు. ఏకరూపత తనిఖీకి వచ్చేవారి కంటికి ఇంపు. పిల్లల కంటికి కాదు.

దీనికి విపర్యయంగా మరొక వర్గం ఉన్నది. వారు రిజల్యూషన్‌ను చివరకంటా పెంచి, అక్షరాన్ని ఏమాత్రం పెంచక, "స్పష్టంగా ఉన్నది కదా" అంటారు. స్పష్టంగానే ఉన్నది, చీమ కాలంత ఉన్నది. కొలత సహజమైనది పెట్టడం సగం పని మాత్రమే. అక్షర పరిమాణం పెంచడం మిగతా సగం. ఎక్స్‌పీలో డిస్‌ప్లే ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ అని పోతే అక్కడ డీపీఐ అని ఉంటుంది. దానిని 96 నుండి 120కి మార్చండి. విండోస్ 7 వారు, ఆ తరువాతి వారు 125 శాతం ఎంచుకోవచ్చు. బ్రౌజరులోనైతే కంట్రోల్ మీట పట్టుకొని ప్లస్ మీట నొక్కితే చాలు. రిఫ్రెష్ రేటు కూడా అడ్వాన్స్‌డ్‌లోనే, మానిటర్ అన్న భాగంలో ఉన్నది. మానిటర్ చూపలేని రేట్లను దాచే గడి ఒకటి అక్కడ టిక్కు పెట్టి ఉంటుంది, దానిని తీయకండి.

"మేము ముట్టుకొంటే చెడిపోతుందేమో" అని జంకే మిత్రులు చాలమంది ఉన్నారు. నేనూ జంకినవాడినే. మీరు రిజల్యూషన్ మార్చి తెర నల్లబడినా కంగారుపడకండి. పదిహేను సెకన్లలో మీరు అవునని చెప్పకపోతే యంత్రం తనంతట తానే పాత అమరికకు వెళ్లిపోతుంది. మన విద్యాశాఖ ఉత్తర్వులకు కూడా ఈ సదుపాయం ఉంటే ఎంత బాగుండేది.

ఒక్కొక్కచోట సహజమైన కొలత జాబితాలోనే కనపడదు. 800 × 600 మించి కదలదు. యంత్రాన్ని శుభ్రం చేసి విండోస్ తిరిగి వేసినప్పుడు డిస్‌ప్లే డ్రైవరు వేయడం మరచిపోతే ఇట్లా అవుతుంది. "పాత యంత్రం, ఇంతే సార్" అని వారు అంటే నమ్మకండి, డ్రైవరు వేయమని అడగండి. కొలత సరిగానే ఉన్నా అక్షరాలు నీడలు పట్టినట్లుంటే మానిటర్ క్రింద ఉన్న ఆటో మీటను ఒక్కసారి నొక్కి చూడండి. మా గదిలో రెండు మానిటర్లు ఆ ఒక్క నొక్కుడుతో బాగుపడినవి.

అన్నిటికంటె ముందు ఎక్స్‌పీ యంత్రాలలో మరొక గడి చూడాలి. రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో సంక్లిష్ట లిపుల దస్త్రాలను వేయమనే గడికి టిక్కు లేకపోతే ఒత్తులు అసలే కూడవు, పొల్లులు విడివిడిగా పడతవి. ఆ స్థితిలో ఏ రిజల్యూషన్ పెట్టినా దండుగే.

రంగుల సంగతిలో ఇంత వాదం లేదు గాని, ఒక మూఢనమ్మకం ఉన్నది: రంగులు తగ్గిస్తే యంత్రం వేగంగా నడుస్తుందని. 1990లలో దీనికి కొంత ఆధారం ఉండేది. 1024 × 768 అంటే 7,86,432 పిక్సెళ్లు. 16 బిట్ల రంగులో ఒక్కొక్క దానికి రెండు బైట్లు, 32 బిట్లలో నాలుగు. రెండు మెగాబైట్ల వీడియో మెమరీ ఉన్న యంత్రంలో మొదటిది పడుతుంది, రెండవది పట్టదు. అటువంటి యంత్రం ఇంకా ఎవరి వద్దనైనా ఉంటే రంగులను 16 బిట్లకు తగ్గించి కొలతను కాపాడుకోండి, కొలతను తగ్గించి రంగులను కాదు. 65,536 రంగులు తెలుగు వాచకానికి ఎక్కువే. కాని 256 రంగులకు మాత్రం దిగకండి. అక్షరపు అంచులను నునుపు చేయడానికి నడిమి ఛాయలు కావాలి. అవి లేకపోతే మన గుండ్రని అక్షరాలు రంపపు పళ్లవలె కనపడతవి. తరువాతి కాలపు యంత్రాలలో ఈ పొదుపు అవసరమే లేదు, 32 బిట్లు పెట్టుకోండి.

ఆ నునుపు చేసే సదుపాయాన్ని క్లియర్‌టైప్ అంటారు. ఎక్స్‌పీలో అది ఉన్నది గాని దానంతట అది పనిచేయదు. అప్పియరెన్స్‌లో ఎఫెక్ట్స్ అన్నచోట ఎంచుకోవాలి. పలుచని మానిటర్‌కు ఇది మేలు. డబ్బా మానిటర్‌కు అక్కడే ఉన్న స్టాండర్డ్ అన్నది చాలు. అయితే ఎక్స్‌పీలోని క్లియర్‌టైప్ అడ్డంగానే నునుపు చేస్తుంది, నిలువుగా చేయదు. మన అక్షరమేమో నిలువుగా పేరుకొన్న మేడ. కనుక దానిని నమ్మి అక్షర పరిమాణం తగ్గించకూడదు. వరుసలకు వరుసలే కావాలి.

మా బడిలో ఇంకొక వింత. పాతకాలపు పాఠాల సీడీ ఒకటి 640 × 480, 256 రంగులు కావాలని అడుగుతుంది. ఆ ఒక్క సీడీ కోసం ఒక యంత్రాన్ని ఏళ్ల తరబడి ఆ అమరికలోనే ఉంచారు. అల్లుడి కోసం ఇల్లంతా ఉప్పు లేకుండా తిన్నట్లు. ఆ కార్యక్రమపు గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అన్నచోట ఆ రెండు గడులకు టిక్కు పెడితే ఆ కార్యక్రమానికి మాత్రమే అమరిక మారుతుంది, మూయగానే తెర మరల యథాస్థితికి వస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక చురక. మనము తయారుచేసే పాఠాలలో నీలం మీద ఎరుపు, ఆకుపచ్చ మీద పసుపు పెట్టి మురిసిపోతున్నాము. ఒత్తులకు ఎరుపు, గుణింతాలకు పచ్చ వేసి నేనే ఒక పాఠం చేశాను. ఎరుపు ఆకుపచ్చల భేదం కనపడని పిల్లలు ఉంటారు, మగపిల్లలలో ఎక్కువ. వారికి నా వర్ణవైభవమంతా ఒకే బురద. లేత రంగు నేలమీద నల్లని అక్షరానికి మించినది లేదు. వర్డులో వరుసల ఎడాన్ని "ఎగ్జాక్ట్లీ" అని బిగించకండి, ఒత్తుల కాళ్లు తెగిపోతవి.

"ఈ పాత సామాను పట్టుకొని వేలాడడం ఎందుకు? కొత్తవి కొనమని అడగండి" అనేవారు ఉన్నారు. అడుగుతూనే ఉన్నాము. ఇరువది మంది పిల్లలున్న తెలుగు మాధ్యమానికి కొత్త యంత్రాలు ఎవరి జాబితాలోనైనా చివరి వరుసలోనే ఉంటవి. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినది. కార్యాలయాలు వదలించుకొనే యంత్రాలు బడులకు దానంగా వస్తూనే ఉంటవి, మాకు బెంగళూరు నలుబది కిలోమీటర్లే. వాటిని కాదనలేము. వచ్చిన రోజున వాటి అమరిక ఎవరు చేస్తారన్నదే ప్రశ్న.

"తెలుగు లిపి కంప్యూటరుకు అనుకూలం కాదు, అందుకే ఈ తంటా" అనే మహానుభావులకు ఒకటే జవాబు. మీ జేబులోని ఫోను తీసి "అర్థము" అని టైపు చేసి చూడండి. చుక్క స్పష్టంగా ఉంటుంది. మా పదిహేను అంగుళాల పలుచని మానిటర్‌లో అంగుళానికి దాదాపు 85 పిక్సెళ్లు. ఫోనులో దానికి మూడు రెట్లు, అంతకంటె ఎక్కువ. లిపి అదే, గళ్లే ఎక్కువ. కొరత తెరది అయినప్పుడు నింద లిపికి వేయడం, పంచె పొట్టిదైతే మనిషి కాళ్లు పొడుగని తిట్టడమే. "అయితే ఫోనులోనే చదివిస్తాము" అని మీరు అనవచ్చు. ఇంటి దగ్గర చదివించండి. కాని నలుగురు పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చొని ఒకే పాఠాన్ని కలిసి చదవడం అరచేతి తెరమీద సాధ్యం కాదు.

కావున నా మనవి ఇది. మీ బడి కంప్యూటర్ గదిలో తెర అమరిక తెలుగు ఉపాధ్యాయుడు చూడకుండా నిర్ణయం కారాదు. మీరు పోయి ఒక్కొక్క యంత్రం మీద ఈ మాటలు టైపు చేయండి: అర్థము, అర్ధము, మెడ, మేడ, రాష్ట్రము, స్త్రీ, సంస్కృతి, ఫలము, పలము. మీరు చదవకండి, మీకు ముందే తెలుసు. ఆ పదాలు ఎరుగని నాలుగవ తరగతి పిల్లవాడిని కూర్చోబెట్టి, అతడు మామూలుగా కూర్చొనే దూరం నుండి చదివించండి. అతడు తప్పితే మొదట తెరను దండించండి. తల్లిదండ్రులారా, "మీ పాప తెలుగులో వెనుకబడినది" అని మాబోటివారు ఎవరైనా చెబితే, పుస్తకంలో చదివించారా, తెరమీదనా అని అడగండి. అడిగే హక్కు మీకున్నది.

ఆ అమ్మాయి తండ్రి అట్లా అడగలేదు. ప్రగతి పత్రం చూసుకొని, వేసవి సెలవులలో పాపను తమిళ మాధ్యమానికి మార్చాడు. నేను ఇంటికి వెళ్లి జరిగినది చెప్పాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "ఏమి సార్ చేసేది, పాపకు తెలుగు రాదని మీరే వ్రాస్తిరి కదా" అన్నాడు. నా వద్ద జవాబు లేదు. ప్రగతి పత్రంలోని వాక్యాన్ని కొట్టివేసి ప్రక్కన సంతకం చేసి వచ్చాను. పాప ఇప్పుడు శనివారాలలో వచ్చి కిటికీ ప్రక్కనున్న యంత్రం దగ్గర కూర్చొని చదువుకొంటున్నది. అది 1280 × 1024లో ఉన్నది, అక్షరం 20 పాయింట్లు. మిగిలిన వాటిలో మూడు ఇంకా పాత అమరికలోనే ఉన్నవి. డ్రైవర్లు దొరకలేదట. వచ్చే వారం మరల అడుగుతాను.